నూరు శాతం మన లిఫ్టు

మా జిల్లా ఆసుపత్రిలో కాన్పుల వార్డు మూడో అంతస్తులో ఉంది. ఆపరేషను గదీ అక్కడే. నొప్పులతో వచ్చిన మనిషిని అంత పైకి ఎందుకు ఎక్కిస్తారని కొత్తవాళ్లు అడుగుతుంటారు. కింద అంతస్తులో స్టోరు, సమావేశ మందిరం, రికార్డు గది, ఆ గది నిండిపోయాక తీసుకున్న ఇంకో రికార్డు గది ఉన్నాయి. కాగితాలు మెట్లెక్కలేవు కాబట్టి వాటిని కింద ఉంచి మనుషులను పైకి పంపాం. మధ్యలో అరవై ఆరు మెట్లు, ఒక లిఫ్టు, రెండో లిఫ్టు కోసమని కట్టి వదిలేసిన ఖాళీ గొట్టం ఒకటి ఉన్నాయి.

ఆ స్టోరుకి కీపర్ని నేను. పేరు పట్టాభి. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో నా స్టాకు రిజిస్టరులో ఒక్క కొట్టివేత లేదు. వచ్చిన ప్రతి పార్సిల్ మీదా నా చేత్తో తేదీ, వేళ రాసి, సంతకం పెట్టి గాని లోపల పెట్టను. దూది కట్ట దగ్గర నుంచి శవాల బండి దాకా నా రిజిస్టరుకి ఎక్కని వస్తువు లేదు. ఎక్కని వస్తువు ఉన్నా, నా లెక్కలో అది ఆసుపత్రిలో లేనట్టే.

జూన్ నెలలో ఒక మంగళవారం లిఫ్టు ఆగిపోయింది. మెకానిక్ వచ్చి చూసి, మోటారు బ్రేకు దగ్గరుండే అరచెయ్యంత భాగం ఒకటి కాలిపోయిందన్నాడు. బిగించడం ఇరవై నిమిషాల పని, సామాను ఎల్లుండికల్లా పార్సిల్లో వచ్చేస్తుంది అని చెప్పి, ఆర్డరు పెట్టి వెళ్లిపోయాడు. పార్సిల్ అన్నట్టే గురువారం పొద్దున పదింటికి వచ్చింది. కానీ బుధవారం సాయంత్రం నాలుగింటికి ఉత్తర్వు వచ్చింది.

మాది కొత్త జిల్లా. పాత జిల్లాను విడగొట్టినప్పుడు గోదారి పాయకి ఇవతలి ఒడ్డు మా వాటాకి వచ్చింది. రేవు దాటితే పది నిమిషాల్లో అవతలి ఒడ్డు, అంటే పొరుగు జిల్లా. దేశం వాళ్లు విదేశీ సరుకు వద్దన్నారు. రాష్ట్రం వాళ్లు పక్క రాష్ట్రం సరుకు వద్దన్నారు. మా జిల్లా మాత్రం వెనకబడితే బాగుండదు కదా. అందుకని ప్రభుత్వ పనుల్లో వాడే ప్రతి వస్తువూ జిల్లాలోనే తయారై ఉండాలని ఉత్తర్వు వేశారు. దాన్ని అమలు జరిపించడానికి స్థానిక వస్తు ప్రాధాన్యాధికారి అని ఒక కొత్త ఉద్యోగం పుట్టించి, ధూళిపూడి నరసింగరావు గారిని అందులో వేశారు.

పార్సిల్ మీద పంపినవారి చిరునామా అవతలి ఒడ్డుది. నేను అలవాటు చొప్పున తేదీ, వేళ రాసి సంతకం పెట్టాను. ఆ తరవాత చెయ్యి ఆగిపోయింది. రిజిస్టరులో ఎక్కించడానికి ఉత్తర్వు ఒప్పుకోదు. వెనక్కి పంపాలంటే ముందు రిజిస్టరులో ఎక్కి ఉండాలి. ఆలోచించి ఆలోచించి ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాను. నేను చేసింది సవ్యంగానే ఉందని ఆ రోజు భోజనం కూడా బాగా సహించింది.

ఏసోబు గురించి చెప్పాలి. ముప్ఫై ఏళ్లుగా ఆసుపత్రిలో వార్డు పనివాడు. చిన్నతనంలో రేవులో ధాన్యం బస్తాలు మోసిన మనిషి, వచ్చే మార్చిలో రిటైరవుతాడు. లిఫ్టు ఆగిన దగ్గర్నుంచి గర్భిణులను కుర్చీలో కూచోబెట్టి, వెంట వచ్చిన బంధువుల్లో ఒకరిని అటు పట్టుకోమని, పైకి చేరుస్తున్నాడు. ఇరవై నాలుగేళ్ల కిందట, ఇంకా లిఫ్టు పెట్టని రోజుల్లో, అతని భార్యకి ఇవే మెట్ల మీద కాన్పయింది. బిడ్డ బతికింది. తల్లి పైకి చేరేసరికి ప్రాణం పోయింది. ఆ బిడ్డ కరుణ. అవతలి ఒడ్డున దావీదు అనే కుర్రాడికిచ్చి పెళ్లి చేశాడు. ఇప్పుడు మూడో నెల, తొలి కాన్పు. రక్తపోటు ఎక్కువగా ఉంది, మెట్లెక్కించవద్దని మా డాక్టరు గారు ముందే చెప్పారు.

"పట్టాభి గారండీ, లిఫ్టు సామాను ఎప్పుడొత్తాదండి?" అని శుక్రవారం వచ్చి అడిగాడు.

"పరిశీలనలో ఉంది" అన్నాను.

"మా అమ్మాయికి క్రిస్మస్ దాటాక నెలలు నిండుతాయండి. ఆలోపు వచ్చేత్తే సాలండి."

ఆరు నెలలుంది కదా, తప్పకుండా తేలుతుంది అని ధైర్యం చెప్పాను. బీరువా తాళంచెవి నా మొలలోనే ఉంది. అబద్ధం ఆడానని నాకు అనిపించలేదు. రిజిస్టరులో లేని సామాను వచ్చిందని ఎలా చెప్పగలను.

వారం తిరక్కుండా నరసింగరావు గారు తనిఖీకి వచ్చారు. ముందుగా పాత లిఫ్టు పొట్టలో ఉన్న పేరు చదివి, అది పక్క రాష్ట్రందని తెలుసుకుని చిన్న నిట్టూర్పు విడిచారు. తలుపు మీద "దిగుమతి సరుకు, వాడరాదు" అని కాగితం అంటించి, లక్కతో సీలు వేయించారు. మా సూపరింటెండెంటు డాక్టర్ హైమావతి గారు మెట్లు దిగి ఆయాసపడుతూ వచ్చారు.

"అందులో ఒక ముక్క మారిస్తే చాలు, పని చేస్తుంది. ఈ సీలు దేనికండీ?" అన్నారు.

"డాక్టరు గారు, మీరు లిఫ్టును ఒక వస్తువుగా చూచుచున్నారు. మేము దానిని ఒక అవకాశముగా చూచుచున్నాము."

"ఆ వస్తువు జిల్లాలో ఎవరూ చెయ్యరు కదా."

"ఏడవ నిబంధన చిత్తగించండి" అని ఆయన చేతిలో ఉన్న కాగితం చదివారు. "జిల్లాలో తయారు కాని వస్తువు అవసరమైనచో, సదరు వస్తువు జిల్లాలో తయారగునంత వరకు సదరు అవసరమును వాయిదా వేయవలెను."

"అంటే కాన్పులు వాయిదా వెయ్యాలా?"

"ఆ విషయమై మీ శాఖవారు స్పష్టత ఇవ్వవలసియున్నది" అన్నారు ఆయన. ఎగతాళి ఏమీ లేదు, నిజంగానే అన్నారు. నోటుపుస్తకంలో రాసుకున్నారు కూడా.

తనిఖీ అయ్యాక సమావేశం పెట్టి, ఖాళీగా ఉన్న రెండో గొట్టంలో మన జిల్లా లిఫ్టు ఒకటి తయారు చేయించాలని తీర్మానించారు. జిల్లాలో ఉన్న పరిశ్రమల జాబితా నన్ను చదవమన్నారు. కొబ్బరి పీచు తాళ్లు, కొబ్బరి నూనె, పడవలు, పూతరేకులు అని చదివాను. నరసింగరావు గారు కళ్లు మూసుకుని విని, ఒక్క పూతరేకులు తప్ప తక్కినవన్నీ లిఫ్టుకి అక్కరకొస్తాయన్నారు. పూతరేకులు ప్రారంభోత్సవం నాటికి ఉంచమన్నారు.

తాళ్ల పరిశ్రమ సత్తిరాజు గారిని పిలిచారు. ఇనప తీగ బదులు కొబ్బరి తాడు కావాలంటే ఆయన తల గోక్కున్నారు.

"మా తాడు పడవ కట్టుకోడానికి, నూతిలో చేద వేసుకోడానికండి. మనుషుల్ని వేలాడదియ్యడానికి ఎప్పుడూ ఇవ్వలేదండి."

"ఇవ్వని కారణముగానే మీ పరిశ్రమ ఎదుగలేదు" అన్నారు నరసింగరావు గారు. ఆ మాటతో సత్తిరాజు గారు మెత్తబడి, నాలుగు పేటల తాడు ఒప్పుకున్నారు.

గది పని పడవల మేస్త్రి అప్పన్నకి పడింది. జిల్లాలో చెక్క వంచగలిగినవాడు అతనొక్కడే. మామిడి చెక్కతో నెలన్నర కష్టపడి, సందుల్లో పీచు కూరి, తారు పూసి తెచ్చాడు. చూడ ముచ్చటగా ఉంది. అయితే అడుగు గుండ్రంగా ఉంది. నేల మీద పెడితే అటూ ఇటూ ఊగుతోంది.

"మేస్త్రీ, ఇందులో మనిషి నిలబడేదెలా?" అన్నారు హైమావతి గారు.

"కూకోవాలండి. నా జన్మలో చదునడుగుతో కట్టలేదండమ్మా. చదునైతే కెరటానికి తిరగబడిపోద్దండి."

"లిఫ్టులో కెరటాలెక్కడివి?"

అప్పన్న గదిని ఓసారి అరచేత్తో తట్టాడు. "అయితే నీళ్లు మాత్రం చుక్క రావండి" అన్నాడు. ఆ మాట నివేదికలో అదనపు సౌకర్యం కింద రాశాం.

లిఫ్టుకి అటువైపు సమతూకంగా బరువు వేలాడాలి. బయట ఇనప దిమ్మలు వాడతారట. మా దగ్గర దిమ్మలు లేవు, కొబ్బరికాయలు ఉన్నాయి. బస్తాలకెత్తి, తూచి, గొట్టం పైన మేడ కప్పు కింద కట్టించారు. మోటారు సంగతి వచ్చేసరికి నరసింగరావు గారు తడుముకోలేదు. వెనకటి రోజుల్లో కాలవల మీద పడవలను గట్టున నడుస్తూ మనుషులే లాగేవారు కదా, ఇదీ పడవే కదా అన్నారు. లాగడానికి నలుగురిని పెట్టారు. రేవులో దొరికిన ముగ్గురు, నాలుగోవాడు ఏసోబు.

ఏసోబు పొద్దున్న కుర్చీ మోసేవాడు, మధ్యాహ్నం తాడు లాగడం సాధన చేసేవాడు. దారిలో స్టోరు ముందు ఆగి అడిగేవాడు.

"సామాను ఎప్పుడొత్తాదండి?"

"ఇప్పుడు వేరే లిఫ్టు తయారవుతోంది కదా."

"ఆయ్. అయినా అడుగుతన్నానండి."

కార్తీక మాసంలో పరీక్ష పెట్టారు. నరసింగరావు గారు స్వయంగా గదిలో కూచున్నారు. అటూ ఇటూ దొర్లకుండా రెండు చేతులా అంచులు పట్టుకున్నారు. నలుగురూ లాగారు. గది రెండో అంతస్తు దాకా లేచింది. అక్కడ ఒక్క క్షణం ఆగి, ఏదో మర్చిపోయిన మనిషిలా గబగబా కిందికి వచ్చేసింది. గుండ్రటి అడుగు నేలకి తగిలి, ఆయన్ని చాలాసేపు ఊపి గాని ఆగలేదు.

కారణం మాలో ఎవరికైనా ముందే తట్టి ఉండాల్సింది. ఈ ప్రాంతంలో పుట్టినవాళ్లం. అటక మీద పెట్టిన కాయలో నీళ్లింకి నెలల్లో కురిడీ అవుతుందని ఇంటింటా తెలుసు. శ్రావణంలో కప్పు కింద కట్టిన కాయలు ఆ వేడికి ఎండి తేలికైపోయాయి. నలుగురి బలం అంతా ఆ లోటు పూడ్చడానికే పోయింది. ప్రభుత్వ ఫైలులోకి ఎక్కాక అది కూడా అందరి ఇళ్లలో ఉండే కొబ్బరికాయేనని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

నరసింగరావు గారు లేచి, ధోవతి సర్దుకుని, నన్ను రాసుకోమన్నారు. "పరీక్ష విజయవంతము. లిఫ్టు క్రిందికి వచ్చుట నిర్ధారణ అయినది. పైకి వెళ్లుట రెండవ దశలో పరిశీలించబడును."

రెండో దశకి ముందు శాతాలు లెక్క కట్టాలి. మన లిఫ్టులో స్థానికత ఎంత అని చూస్తే డెబ్బై ఒకటి వచ్చింది. ఆయన ముఖం వాడిపోయింది. తాడు పీచు మనదే కాని పేనిన యంత్రం వేరే రాష్ట్రందని తేలింది. గది చెక్క మనదే కాని మేకులు, తారు బయటి నుంచి వచ్చాయి. గిలక అవతలి ఒడ్డున పోత పోసింది. నూరు శాతం కానిదాన్ని నూరు శాతం అని రాయడానికి ఆయన ఒప్పుకోలేదు, అది మోసమన్నారు. నిజాయితీ గల మనిషి. అందులో నాకు అనుమానం లేదు.

గిలక తీయించారు. శాతం డెబ్బై ఎనిమిది అయింది. తాడు తీయించారు, ఎనభై నాలుగు అయింది. గది తీయిస్తే తొంభై దాటింది. అప్పన్న తన గదిని రేవుకి తీసుకుపోయి వలలు వేసుకునేవాళ్లకి ఇచ్చేశాడు, బాగా తేలుతోందని విన్నాం. ఒక్కో భాగం పోయిన కొద్దీ శాతం పెరగడం చూసి నరసింగరావు గారికి హుషారు వచ్చింది. చివరికి తాడు లాగే నలుగురు మిగిలారు. వాళ్ల కాగితాలు అడిగితే, రేవులో దొరికిన ముగ్గురూ అవతలి ఒడ్డువాళ్లు. వాళ్లను పంపేశాం.

ఏసోబు మిగిలాడు. పుట్టింది ఈ ఊళ్లోనే. తిన్నది ఈ కాలవ కింద పండిన బియ్యం. మిల్లు బట్ట చొక్కా విప్పించి మన మగ్గం కండువా కప్పిస్తే శాతం నూరుకి చేరింది.

"సాధించితిమి" అన్నారు నరసింగరావు గారు.

నేను రిజిస్టరు తెరిచి రాశాను. లిఫ్టు, ఒకటి. నడుచు విధానము, కాళ్లు. మోయు బరువు, ఒక మనిషి. స్థానికత, నూరు శాతం. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి. ఇకపై ధ్రువపత్రం పొందిన ఈ లిఫ్టు తప్ప వేరెవ్వరూ రోగులను మోయరాదని, అలా మోస్తే పరీక్షించని పరికరం వాడిన నేరమవుతుందని నోటీసు పెట్టాం. కుర్చీకి అటు పట్టుకునే బంధువులు కూడా ఆగిపోయారు. ఏసోబు గర్భిణులను ఒక్కడే వీపున వేసుకుని ఎక్కించడం మొదలుపెట్టాడు.

డిసెంబరులో అతను సెలవు చీటీ తెచ్చాడు. కరుణ పురిటికి పుట్టింటికి వచ్చింది, దగ్గరుండి చూసుకోవాలన్నాడు. నేను దాన్ని నరసింగరావు గారికి పంపాను. జవాబు మర్నాడే వచ్చింది. పరికరమునకు సెలవు ఉండదు, మరమ్మతు మాత్రమే ఉండును.

"అయితే అమ్మాయిని నేనే ఎక్కించుకుంటానండి" అన్నాడు ఏసోబు. "అదీ మంచిదే కదండి. ఇంకోళ్ల సేతిలో ఎందుకండి."

అప్పుడు నేను పద్నాలుగో నిబంధన చెప్పాల్సి వచ్చింది. స్థానిక పరికరం మీద ఎక్కే హక్కు స్థానికులకే. ప్రతి మనిషికీ ముందు చీటీ ఇవ్వాలి, ఆ చీటీ నేను రాయాలి. కరుణ రేషన్ కార్డు అవతలి ఒడ్డున ఉంది. అడిగితే నరసింగరావు గారు ఫోనులోనే తేల్చేశారు. వివాహానంతరము సదరు మహిళ పొరుగు జిల్లా సరుకు క్రిందికి వచ్చును.

"నా కూతురండి" అన్నాడు ఏసోబు.

"ఆ గడి ఫారంలో లేదయ్యా" అన్నాను.

అతను కండువా భుజాన సర్దుకుని వెళ్లిపోయాడు. సామాను ఎప్పుడొస్తుందని ఆ రోజు అడగలేదు.

క్రిస్మస్ అయిన నాలుగో రోజు పొద్దున లిఫ్టుకి ధ్రువపత్రం ఇచ్చే సభ పెట్టారు. మొదటి మెట్టు ముందు రిబ్బను కట్టారు. ఏసోబుని కొత్త కండువాతో రిబ్బను పక్కన నిలబెట్టారు. పళ్లెంలో పూతరేకులు కూడా వచ్చాయి. నరసింగరావు గారు పరాయి సరుకు మీద ఆధారపడకుండా ఒక జిల్లా పైకి ఎలా ఎదుగుతుందో చెబుతుండగా గేటు దగ్గర ఆటో ఆగింది. దావీదు కరుణని దించాడు. ఆ అమ్మాయి మొహం ఉబ్బిపోయి ఉంది, కళ్లు సరిగ్గా తెరవలేకపోతోంది.

"వెంటనే పైకి తీసుకురండి, ఆలస్యమైతే ఇద్దరికీ ప్రమాదం" అని హైమావతి గారు పై నుంచి కేకవేశారు.

అందరూ నావైపు చూశారు. చీటీల పుస్తకం నా చేతిలో ఉంది. కలం మూత కూడా తీశాను. సొంత జిల్లా అనే గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ ఆగిన క్షణాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నా మీద అసహ్యం వేస్తుంది.

ఏసోబు నా కోసం ఆగలేదు. రిబ్బను దాటి వెళ్లి కూతుర్ని రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాడు.

"చీటీ లేనిదే పరికరము కదలరాదు" అన్నారు నరసింగరావు గారు.

"అయ్యగారండీ, ఈ లిఫ్టు పాడైపోయిందండి" అన్నాడు ఏసోబు, మెట్లెక్కుతూనే. "ఆపుదావన్నా ఆగట్లేదండి."

"పట్టాభీ, దానిని ఆపండి."

"దీనికి ఆపే మీట లేదండి" అన్నాను. అబద్ధం కాదు. రిజిస్టరులో అలాంటి భాగం ఏదీ రాసి లేదు.

అరవై ఆరు మెట్లూ అతను ఎక్కడా నిలబడలేదు. మేమంతా కింద నిలబడి అతని పాదాల చప్పుడు వింటున్నాం. పై తలుపు మూసుకుంది. గంటన్నర తరవాత ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీ పిల్లా క్షేమమనీ కబురు వచ్చింది. అప్పటికి పూతరేకులు అయిపోయాయి.

పిల్లని ఇంకా శుభ్రం చేస్తున్నారనీ, ఈలోగా అల్లుడికి తనే చెప్పాలనీ ఏసోబు కిందికి బయల్దేరాడట. మెట్ల ఆఖరి మలుపులో కుడి మోకాలు మడతపడింది. పదకొండు మెట్లు దొర్లి కింద పడ్డాడు.

ఎముక చిట్లింది, ఆపరేషను చెయ్యాలన్నారు హైమావతి గారు. ఆపరేషను గది మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు చెడిపోయింది, ఎందుకంటే లిఫ్టు అతనే. వేరేవాళ్లు మొయ్యబోతే నోటీసు అడ్డం వచ్చింది. దావీదు ముందుకొస్తే అతనిది అవతలి ఒడ్డు. హైమావతి గారు కేకలేశారు, పై అధికారులకు రాశారు. వాళ్లు ఆ ఉత్తరాన్ని స్థానిక వస్తు ప్రాధాన్యాధికారి అభిప్రాయానికి పంపారు.

రెండు రోజులకి వచ్చిన ఆయన అభిప్రాయం స్పష్టంగా ఉంది. లిఫ్టు మరమ్మతుకు వాడు విడిభాగము జిల్లాలోనే తయారై ఉండవలెను.

మర్నాడు పడవల మేస్త్రి అప్పన్న టేపు పట్టుకుని వచ్చాడు. మెట్ల కింద స్ట్రెచర్ మీద పడుకున్న ఏసోబు మోకాలు కొలిచాడు. మొదటిసారి అంకె తప్పు చూసి, మళ్లీ కొలవాల్సి వచ్చింది.

"ఏమనుకోకు ఏసోబూ. కొలవమన్నారు" అన్నాడు.

"ఏ సెక్కతో సేత్తావు?"

"మామిడి ఆగదు. పనసైతే నయం" అని, అప్పన్న ముఖం తిప్పుకున్నాడు.

అప్పుడే పై నుంచి కరుణ పిలిచింది. రెండు చేతుల్లో పొత్తిళ్లతో మూడో అంతస్తు కటకటాల దగ్గరికి వచ్చి, పిల్లని మెట్ల సందులోకి కాస్త వంచి చూపించింది. ఏసోబు మెడ చాచాడు. కిందికి కనిపించేది తువ్వాలు అంచు ఒక్కటే.

"ముక్కు నాదే అంటన్నారండి" అన్నాడు నాతో. "ఇక్కణ్ణించి అగపడతా లేదు."

నేను స్టోరులోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. ఇనప బీరువా ముందు చాలాసేపు కూచున్నాను. ఆ భాగం అందులో ఆరు నెలల నుంచీ ఉంది. ఇరవై నిమిషాల పని. ఆ అమ్మాయి మెట్ల మీద చచ్చిపోయి ఉంటే కూడా నా రిజిస్టరులో కొట్టివేత ఉండేది కాదు. ఆ ఆలోచన వచ్చాక అక్కడ కూచోవడం నా వల్ల కాలేదు. మెకానిక్‌కి ఫోను చేశాను.

అతను సరిగ్గా ఇరవై నిమిషాలే తీసుకున్నాడు. సీలు నేనే పీకాను, కాగితం చింపాను. తరవాత రిజిస్టరు తెరిచి రాశాను. లిఫ్టు మరమ్మతు పూర్తి అయినది. స్థానికత, నూరు శాతం. నరసింగరావు గారికి ఆ మాటే రాసి పంపితే చాలా సంతోషించి, తిరిగి అభినందన పంపారు. ఆయన కాగితాల ప్రకారం మా దగ్గర ఉన్నది ఒకే లిఫ్టు, అది బాగుపడింది. దాన్ని చూడడానికి ఆయన మళ్లీ రాలేదు. మార్చిలో ఏసోబు రిటైర్మెంటు కాగితం పంపితే మాత్రం, చక్కగా పనిచేయుచున్న పరికరమును తొలగించవలసిన కారణము కానరాలేదని తిప్పి పంపారు. అది తరవాతి మాట.

ఆ సాయంత్రం ఏసోబు స్ట్రెచర్ని నేనే లిఫ్టులోకి తోసి, నేనూ ఎక్కాను. తలుపు మూసుకుని లిఫ్టు కదిలింది. మెకానిక్ పని చేసి వెళుతూ, సామాను వచ్చిన ఖాళీ అట్టపెట్టెను లిఫ్టు లోపలే ఒక మూల వదిలేశాడు. నేను చూసుకోలేదు. ఏసోబు పడుకునే చెయ్యి చాచి దాన్ని అందుకున్నాడు. అతను ఐదో తరగతి దాకా చదువుకున్నాడు. నా రాత ఎంత గుండ్రంగా ఉంటుందంటే ఒకటో తరగతి పిల్లలైనా చదవగలరు.

"జూన్ నెలాండి ఇది?" అన్నాడు.

నేను లిఫ్టు తలుపుకేసి చూస్తూ నిలబడ్డాను.

"గురువారం, పొద్దున పదింటికి" అని అతను మెల్లగా మిగతాది కూడా చదివాడు. తరవాత కింద ఉన్న సంతకం చూశాడు.

మూడో అంతస్తు వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఎదురుగా కరుణ పిల్లని ఎత్తుకుని నిలబడి ఉంది. ఏసోబు అట్టపెట్టెను నా చేతిలో పెట్టాడు.

"ఇది మీ దగ్గరుంచండి" అన్నాడు. "రిజిస్టర్లో ఎక్కించుకోవాలి కదండి." అని, పిల్ల కోసం రెండు చేతులూ చాచాడు.